తియ్యని సఫేదా

హగరి,
2023 ఆగస్టు 6

మామా,

ఫోన్‌లో అరిచి అరిచి నా గొంతు పోయింది. నేను కిటికీల గురించి అడిగితే నువ్వు వానల గురించి చెప్తివి. చెవుల మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. అందుకే ఈ జాబు.

అమ్మ కట్టించిన ఇంట్లోకి జూన్‌లోనే మారినాం. అద్దెకున్నోళ్ళు ఖాళీ చేసి పోతా పోతా మేకులు కూడా పీకుకుని పోయినారు. క్రిస్మస్‌కు ఇల్లు తెల్లగా చేయకపోతే మన సంఘమోళ్ళు కేకు తినేటప్పుడు గోడల్నే చూస్తారు, నీకు తెలియందేముంది.

నా కష్టం రెండు చోట్ల. వంటింటి వెనక గోడకు మోకాలెత్తు దాకా పొక్కులు లేస్తాండాయి. చిదిపితే తెల్లటి ఉప్పు రాలతాంది. మా ఆయన టైటస్ ఆదివారం పూట ఆయిల్ పెయింటు కొట్టి మీసం తిప్పినాడు. నెలకే అప్పడం మాదిరి ఊడొచ్చింది. ఇంక తలుపులు, కిటికీలు. ఎప్పుడో నువ్వు అమ్మ కోసం వేసిన తెల్లరంగు మొసలి తోలు మాదిరి పగిలింది. ఒకచోట పెచ్చు లేపి చూస్తే కింద బంగారమట్లా టేకు! అదంతా గీకి పాలిష్ పెట్టాలని నాకు ఆశ. ఎట్ల చేయాల?

క్రిస్టీకి మొన్న మూడేండ్లు నిండినాయి. ‘ఒందు, ఎరడు, మూడు, నాలుగు’ అని సగం కన్నడం, సగం తెలుగు లెక్కబెడ్తాది. బడిలో పాఠం చెప్పే దాన్ని, నా బిడ్డకే దిద్దలేకపోతాండా.

మీ మామ రంగు గురించి అడిగితే రంగు తప్ప అన్నీ రాస్తాడని టైటస్ అంటాండాడు. వాని మాట అబద్ధం చెయ్యి.

నీ కోడలు
లోయిస్


కౌల్ బజార్, బళ్ళారి,
ఆగస్టు 14

అమ్మా లోయిస్,

నీ జాబు రెండుసార్లు చదివినా. మొదట విషయం కోసం, మళ్ళీ అక్షరాల కోసం. అచ్చం మా అక్క అక్షరాలే. నావి చూసి నవ్వాకు. కుడిచెయ్యి ఈ మధ్య నా మీద అలిగింది, మణికట్టు కాడ వాలిపోతాది. కలాన్ని పిడికిట్లో పట్టుకుని కత్తితో పొడిచినట్టు రాస్తాండా. ముసలితనం, అంతే.

టైటసప్పకు నా మాటగా చెప్పు: గోడకు కూడా ముక్కుంటాది. ఆయిల్ పెయింటుతో నువ్వు దాన్ని మూసినావు. గోడకవతల బట్టలుతికే బండ ఉండాది కదా, ఆ నీళ్ళన్నీ గోడే తాగతాంది, తాగి ఉప్పు కక్కతాంది. ముందు బండను దూరం జరుపు. పొక్కులు గీకేసి, ఉప్పును పొడి బ్రష్షుతో దులుపు. కడగాకు, కడిగితే ఆ ఉప్పే మళ్ళీ లోపలికి పోతాది. రెండు నెలలు ఆరనిచ్చి సున్నం కొట్టు. సున్నం కింద గోడ ఊపిరి తీసుకుంటాది.

ఇంక నా రంగు. మొసలి తోలైతే అయింది, నలభై ఏండ్లు నిలిచిందా లేదా? అది 1983. మీ నాయన సైలస్ బావ రైల్వేలో చేరిన కొత్త. నేను అక్కకు ఏమీ ఇయ్యలేకపోతిని, రంగు వేసిస్తానంటిని. అప్పట్లో బజారులో సఫేదా అని దొరికేది, తెల్లటి ముద్ద, అవిసె నూనెలో కలుపుకోవాల. సగం మంది దాంట్లో సుద్ద కలిపి అమ్మేటోళ్ళు. మా ఉస్తాద్ ఖాదర్ సాబ్‌ను మోసం చేసే మొగోడు మటుకు బళ్ళారిలో లేడు. వేలి కొసతో రవ్వంత తీసి నాలిక మీద పెట్టుకునేటోడు. కండ్లు మూసుకునేటోడు. ‘మీఠా హై. అసల్ మాల్’ అనేటోడు. సుద్ద కలిస్తే చప్పగుంటాది, అసలుదైతే తియ్యగుంటాది. నాకూ అదే నేర్పినాడు. మా అక్క ఇంటికి నాలుగు అంగళ్ళు తిరిగి, నాలుగు చోట్ల నాకి, అన్నిటికంటే తియ్యంది తెచ్చినా. పాపం ఉస్తాద్, చివరికి ఆయన రెండు చేతులూ మెడ విరిచిన కోళ్ళ మాదిరి వేలాడేవి, కడుపునొప్పితో మెలి తిరిగి పోయినాడు. ఆ చేతులు చూసి మేం కుర్రోళ్ళం నవ్వుకునేటోళ్ళం.

యాడికో పోయినా. ఇప్పుడు పని చెప్తా. రేకుతో పెచ్చులు గీకు, ఆమీదట ఎమరీ పేపరుతో రుద్దు, మొదట గరుకుది, తర్వాత నున్నంది. తడి తగలనీయాకు, టేకు మీద రోమాలు లేస్తాయి. ఇది మటుకు మరవాకు: కిటికీలు, తలుపులు మూసుకుని రుద్దు. హగరి ఏటి ఇసక గాలి సంగతి నీకు తెలుసు, ఒక్క రేణువు పడినా పాలిష్ మీద జన్మంతా కనిపిస్తాది. కొత్త పెయింటర్లు చేసే తప్పు అదే.

ఆ సఫేదాలో ఒక డబ్బా మూత తీయకుండా నా మంచం కింద దాచిపెట్టినా. నీ ముంగిటి తలుపుకు అదే. క్రిస్మస్‌కు తెస్తా.

మీ మామ
యేసుదానం


హగరి,
సెప్టెంబరు 10

మామా,

నీ జాబు టైటస్‌కు చదివి వినిపిస్తే ‘మూడు పేజీలు తిప్పినా పని చెప్పినాడప్పా’ అని ఒప్పుకున్నాడు. బండ జరిపినాం. గోడ ఆరతాంది.

తలుపులు, కిటికీలు అన్నీ గీకి రుద్దినాం. నువ్వు చెప్పినట్టే అన్నీ మూసుకుని పన్నెండు రోజులు! లోపల పిండి మిల్లు మాదిరి. జుట్టులో, మంచాల మీద, అన్నం గిన్నెల మూతల మీద తెల్ల పొడి. క్రిస్టీకి మటుకు పండగే. నేల మీది పొడిలో వేలితో సున్నాలు దిద్ది ‘మిస్, బరెదె!’ అని, రాసేసినా చూడమని నన్ను పిలిచేది. హాల్లో కిటికీ గడప, ఆ చట్రం కింది చెక్క, అదొక్కటీ పూర్తిగా గీకలేదు, చేతులు పడిపోయినాయి.

ఇప్పుడు కొత్త కష్టం. లక్క పాలిష్ పెట్టినాం. మొదటిరోజు అద్దం! మర్నాడు వాన. మూడోనాటికి తలుపంతా పొగ పట్టినట్టు తెల్లగా మసకేసింది. తుడిస్తే పోదు. నేను చేసిన తప్పేంది?

క్రిస్టీకి వారం నుంచి కడుపునొప్పి, అన్నం ముట్టదు. కానీ నవ్వాల నువ్వు ఇది విని. హాల్లో ఆ గీకని గడప ఉండాది కదా, అది దాని గొంతు ఎత్తు. పోయి పోయి దాన్నే నాకతాది, పండ్లతో పెచ్చులు కొరకతాది. ‘ఛీ, ఏందే అది’ అంటే ‘తియ్యగుంది మమ్మీ’ అంటాది. మీ ఉస్తాద్ పోయి మా ఇంట్లో పుట్టినాడేమో!

లోయిస్


కౌల్ బజార్,
సెప్టెంబరు 18

అమ్మా లోయిస్,

పాలిష్ తెల్లబడింది వాన తేమకు. నీ తప్పు కాదు. మూడు దినాలు వరసగా ఎండ కాసినాక పగలు పదకొండు గంటలప్పుడు మెత్తని బట్టకు నాలుగు చుక్కల స్పిరిట్టు వేసి, ఆనీ ఆననట్టు ఒక్కసారి తుడువు. మసక పోతాది. గట్టిగా రుద్దితే పాలిషే పోతాది.

పిల్లను ఆ గడప కాడికి పోనీయాకు. పాత చెక్క, ముల్లుంటాది, నాలికకు గుచ్చుకుంటాది. అడ్డంగా బీరువా జరుపు. ఇంట్లో పొడిని చీపురుతో ఊడ్చాకు, తడిబట్టతో తుడువు. మంచాల మీది బట్టలు ఉతుకు.

సఫేదా డబ్బా ఎండిపోయింది. పనికిరాదు.

యేసుదానం


హగరి,
అక్టోబరు 29

మామా,

నీ జాబు చూసి ఇంత చిన్నదా అని టైటస్ ఎగిరి గంతేసినాడు. నాకు మటుకు ఏదో మాదిరిగా అనిపించింది. మా మామ ఒక కథ కూడా చెప్పలేదే అని. మసక పోయింది. తలుపు బాగుంది.

క్రిస్టీ బాగలేదు.

మొదట నులిపురుగులన్నారు, మందు ఇచ్చినారు. తర్వాత రక్తం తక్కువన్నారు, చుక్కల మందు ఇచ్చినారు. నాలుగు దినాలకోసారి కూడా దొడ్డికి పోదు. తిన్నది కక్కుతాది. పాస్టరు వచ్చి నూనె రాసి ప్రార్థన చేసినాడు. పక్కింటి హొన్నూరమ్మ, ‘మీ దేవుడు ఏమనుకోడులే’ అని, ఉప్పు మిరపకాయలు దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. నేను వద్దనలేదు.

నడుస్తా నడుస్తా పడిపోతాది. మొన్న బొమ్మల పుస్తకం తీసి లెక్కబెట్టమన్నా. ‘ఒందు, ఎరడు’ అనింది. ఆపింది. నా మొకం చూసింది, తర్వాతిది నేను దాచినట్టు. మళ్ళీ ‘ఒందు, ఎరడు’. మళ్ళీ నా మొకం. మామా, నేను నలభై మంది పిల్లలకు లెక్కలు చెప్తాను. మరిచిపోవడం వేరే, ఇది వేరే.

ఒకటి అడగతా. ముల్లు అంటివి. బీరువా జరిపే చోటు లేదు, అందుకే ముల్లేమన్నా ఉంటే తీసేద్దామని ఆ గడపనంతా అరచేత్తో తడిమినా. గాజు మాదిరి నున్నగుండాది. నీ పని కదా, ముల్లెందుకుంటాది? తడిబట్ట అంటివి. ఎందుకు, యాల అని చెప్పలేదు. బడి హడావిడిలో నేను చీపురుతోనే ఊడ్చినా.

యాల అట్ల రాస్తివి? నీకు తెలిసిందేమన్నా ఉంటే చెప్పు.

లోయిస్


కౌల్ బజార్,
నవంబరు 4

అమ్మా లోయిస్,

నీ జాబు చూసినాక మంచం కింది డబ్బా తీసినా. ఎండిపోలేదు. అబద్ధం రాసినా. మూత తీసి వేలితో నాలిక మీద పెట్టుకున్నా. తియ్యగానే ఉండాది.

పక్కింటి మాధవతో నిన్ననే నీకు ఫోన్ చేయించినా. పిల్ల రక్తంలో సీసం ఎంతుందో చూపించమని మటుకే చెప్పించినా. ఎందుకో వాని నోటితో చెప్పించడానికి నాకు సిగ్గయింది. అది ఈ జాబు పని.

సఫేదా అంటే సీసం. ఆ తీపి సీసం తీపి. చిన్న పిల్లలకు అది విషం, కడుపులోకి పోయి రక్తంలోకి, తలలోకి పోతాది. పొడిగా గీకి రుద్దితే గాలిలో లేస్తాది. కిటికీలు మూసుకోమని నీకు చెప్పింది నేను. ఇసక పాలిష్ మీద పడకూడదని, విషాన్ని ఇంట్లోనే ఉంచమని చెప్పినా.

అంగట్లో సుద్ద కలిపి అమ్మినోని కాడ తెచ్చుంటే ఇంత విషం ఉండేది కాదు. అంతంత నాకి చూసి, అసలుది తెచ్చినా.

ఆలస్యం చేయాకు. ముందు పిల్లను ఆ ఇంట్లోనుంచి బయటికి తీసుకపో. బళ్ళారిలో ఆ పరీక్ష కాదంటే బెంగళూరుకు పో.

యేసుదానం


బెంగళూరు,
నవంబరు 20

యేసుదానం గారికి,

బస్సులోనే ఫిట్స్ వచ్చినాయి. చిత్రదుర్గం దాటినాక. టైటస్ దాని పండ్ల మధ్య తన వేలు పెట్టినాడు, నాలిక కొరుక్కుంటాదని. అట్ల పెట్టకూడదని ఇక్కడి నర్సు చెప్పింది. మాకేం తెలుసు.

రక్తంలో సీసం ఎనభై నాలుగు. అయిదు ఉంటేనే ఎక్కువంట. డాక్టరు ఎక్సరే చూపించింది. దాని చిన్న కడుపులో తెల్లటి చుక్కలు, చల్లినట్టు. ‘ఇవి పెయింటు పెచ్చులు’ అనింది. నేను వాటిని ఎంచినా. పదకొండు.

సూదులతో మందు ఎక్కిస్తాండారు. పిల్ల మమ్మల్ని గుర్తుపడతాది. మాట్లాడదు.

ఒక్కటే అడగతాండా. సెప్టెంబరులో నేను తియ్యగుంది అని రాసినప్పుడే నీకు తెలుసా? అవునో కాదో రాయి. కథ వద్దు.

లోయిస్


కౌల్ బజార్,
నవంబరు 27

లోయిస్,

అవును.

కథ వద్దంటివి. ఇది కథ కాదు, కానీ ఆ ఒక్క మాటతో ఆపితే మళ్ళీ సగమే చెప్పినట్టు. చదవకుండా చించేస్తే అది నీ ఇష్టం.

పన్నెండేండ్ల కిందట ఒక రంగుల కంపెనీవాళ్ళు మా కౌల్ బజార్ పెయింటర్లందరినీ పిలిచి టోపీలు పంచి బిర్యానీ పెట్టినారు. మా డబ్బాలో సీసం లేదు అని చెప్పుకున్నారు. ఉంటే ఏమైతాదప్పా అని నేనే లేచి అడిగినా. కంపెనీ కుర్రోడు పుస్తకం చూసి చెప్పినాడు: తియ్యగుంటాది, పిల్లలు తింటారు, మెదడు పోతాది. పెద్దోళ్ళకు చేతులు వాలిపోతాయి. ఆడోళ్ళకు కడుపు నిలవదు, పుట్టినా బతకరు. బట్టలకంటిన పొడి చాలు అన్నాడు. మావాళ్ళంతా నవ్వినారు. నేను బిర్యానీ మిగలకుండా తిన్నా.

ఇంటికొస్తే మీ అత్త కృపమణి బండ మీద నా చొక్కా ఉతకతాండాది. చొక్కాలోనుంచి తెల్లనీళ్ళు కారతాండాయి. నలభై ఏండ్లు ఆమె ఆ చొక్కాలే ఉతికింది. ముగ్గురు బిడ్డలు, నీకు తెలుసు. ఒకడు ఏడు నెలలకే పుట్టినాడు, ఒకతె ఏడవను కూడా లేదు, ఒకడు తొమ్మిది దినాలు ఉన్నాడు. ‘మన ఇల్లు దేవునికి నచ్చలేదు’ అనేది. ఏం ఇచ్చినారు మీటింగులో అని అడిగింది. టోపీ అన్నా. అది తలకు పెట్టుకుని నవ్వింది.

ఆమీదట ఆరేండ్లు బతికింది. నేను చెప్పలా. దేవుని మీద వేసిన తప్పు దేవుడు మోస్తాండె, అట్లనే మోయనీలే అనుకున్నా.

ఆగస్టులో నీకు రాసేటప్పుడు ఇది గుర్తుకు రాలేదా అంటే, రాకుండా చూసుకునే అలవాటు ముదిరిపోయింది. ఉస్తాద్ చేతుల గురించి ఎంత హాయిగా రాసినానో చూడు, ఏ చేత్తో రాసినానో చూడు. సెప్టెంబరులో ‘తియ్యగుంది’ అనే మాట నీ అక్షరాల్లో చూసినాక ఇంక దాక్కునే చోటు లేకపోయె. నీకు నిజం రాస్తే కృపమణికి కూడా రాసినట్టే. అందుకని ముల్లు అని రాసినా. ఏడు వారాలు. ఒక ముసలోని సిగ్గుకు పిల్ల ఏడు వారాలు ఆ గడప నాకింది.

ఇంటి పని చెప్తా, ఇది మటుకు చదువు. ఇంక గీకాకండి, కాల్చాకండి. పిల్ల రాకముందే కిటికీలు, గడపలు చట్రాలతో సహా విప్పి ప్లాస్టిక్ పట్టలో చుట్టి బయట పెట్టించు. పొయ్యిలోకి ఎవరికీ ఇయ్యాకు. నేల, గోడలు, మేకు బెజ్జాలు కూడా తడిబట్టతో తుడవాల, ఆ బట్టను మళ్ళీ వాడకూడదు. పరుపులు పారేయండి. ఈ పని టైటస్ చేయాల, మూతికి గుడ్డ కట్టుకుని. నీకు మళ్ళీ బిడ్డలు కావాల. నువ్వు ఆ బట్టలు ఉతకాకు.

నేను వచ్చి చేస్తానని అనలేను. చెయ్యి లేవదు. లేచినా నువ్వు గడప తొక్కనీయవు.

యేసుదానం


హగరి,
2024 ఫిబ్రవరి 18

మామా,

మూడు నెలలు నీకు రాయకూడదనుకున్నా. కృపమణి అత్త గురించి రాసిన పేజీని చించినా. మళ్ళీ అతికించినా.

నువ్వు చెప్పినట్టే టైటస్ అన్నీ విప్పినాడు. కిటికీలు ఉన్న చోట ఇటుకలు కట్టించినాం, కొత్తవి పెట్టే స్తోమత ఇప్పుడు లేదు. హాల్లో పగలు కూడా లైటు వేసుకోవాల. వంటింటి గోడ బాగుంది. సున్నం కొట్టినాక ఉప్పు మళ్ళీ పూయలేదు. గోడ గురించి నువ్వు చెప్పింది సరిగ్గానే చెప్పినావు. క్రిస్మస్‌కు ఎవరూ రాలేదు, మేం ఆసుపత్రిలో ఉంటిమి.

నీ మంచం కింది డబ్బా కోసం ఆదివారం టైటస్ వస్తాడు. బెంగళూరులో అట్లాటివి తీసుకునేటోళ్ళ అడ్రసు డాక్టరు ఇచ్చింది. మూత తీయకుండా ఇయ్యి. నువ్వు మళ్ళీ నాకాకు.

క్రిస్టీకి ఎనభై నాలుగు నుంచి ముప్పై ఒకటికి దిగింది. ఇంకా దిగాల. డాక్టరు మంచిది, అబద్ధం చెప్పలేదు. ‘రక్తంలోది తీస్తాం, తలలో పోయింది తిరిగి తేలేం’ అనింది. గోడ పట్టుకుని నడుస్తాది. చెంచా పట్టుకోలేదు. బొమ్మల పుస్తకం ముందు పెడితే తలకిందులుగా పట్టుకుని చూస్తాది. నేను దాని పక్కన కూర్చుని ఒందు ఎరడు అంటా ఉంటా, రోజూ, బడి నుంచి వచ్చినాక.

నిన్న మొదటిసారి నోట్లోనుంచి మాట వచ్చింది. టైటస్ నన్ను కేకేసినాడు, వంటింట్లోనుంచి పరిగెత్తినా. మమ్మీ అంటాదేమో అనుకున్నా. కిటికీ ఉండిన చోట నిలబడి ఉండాది. ఇటుకలకు మొకం ఆనించి, నాలిక బయటపెట్టి. నన్ను చూసి నవ్వి ‘తియ్యగ’ అనింది.

మూడు నెలల తర్వాత నా బిడ్డ మాట్లాడింది, నేను సంతోషపడాల. పడినా కూడా. దాన్ని ఎత్తుకుని అక్కడే కూర్చున్నా.

ఇటుకల మీద ఇంకా ఏమీ పూయలేదు. డెబ్బై ఏండ్ల మనిషివి, అన్ని రంగులూ నాలిక మీద పెట్టి చూసినోడివి. పిల్లకు హాని చేయకుండా చేదుగా ఉండే రంగు ఏదన్నా ఉంటే రాయి మామా. ఈసారి వెంటనే రాయి.

లోయిస్